పిల్లల ఒంట్లో సీసం ఉందేమోనని అనుమానమా? వరసగా ఇలా చేయండి

“బాబు గోడ మీది పెయింట్ పెచ్చు పీకి నోట్లో పెట్టుకున్నాడు, ఏమైనా అవుతుందా?” “పాప ఊరికే చిరాకు పడుతోంది, కడుపునొప్పి అంటోంది, సీసం వల్లేనా?” “ఒంట్లో చేరిన సీసం పోవడానికి మందేదైనా ఉందా?” చిన్నపిల్లలున్న వాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇవే. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొదటినుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అందరూ మందు కోసమే వెతుకుతారు కానీ ఇక్కడ మందు పని చాలా తక్కువ. సీసం ఏ దారిన ఇంట్లోకి, అక్కణ్నుంచి పిల్లల నోట్లోకి వస్తోందో పట్టుకుని ఆ దారి మూసేయడమే అసలు వైద్యం. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ వెతుకులాట గురించే ఉంటుంది.

ఇంతమాత్రం తెలిస్తే చాలు

మింగిన సీసం పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పిల్లల ఒంటికి పడుతుంది. పైగా వాళ్లు నేల మీద పాకుతారు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు. రక్తంలో చేరిన సీసం మెదడుకు వెళ్తుంది, ఎముకల్లో దాక్కుంటుంది. మెదడు ఎదిగే వయసులో అది తెలివితేటల్ని, ఏకాగ్రతని, వినికిడిని, ప్రవర్తనని దెబ్బతీస్తుంది. రక్తహీనత తెస్తుంది, ఎదుగుదల తగ్గిస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల సురక్షితమైన స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది ఎక్కడో కొద్దిమందికి వచ్చే సమస్య కూడా కాదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) 5 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి ఉందని యునిసెఫ్ 2020లో అంచనా వేసింది.

లక్షణాల సంగతి. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనబడదు. కనబడినా మలబద్ధకం, కడుపునొప్పి, ఆకలి లేకపోవడం, చిరాకు, నీరసం లాంటివే. వీటికి వంద కారణాలుంటాయి. కాబట్టి లక్షణాలు ఉన్నాయని సీసమే అనుకోవద్దు, లేవని ధీమాగా ఉండొద్దు. రక్తపరీక్ష ఒక్కటే తేలుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. వెతుకులాటలో కనబడిన ప్రతిదీ తేదీతో సహా రాయడానికి
- రెండు బకెట్లు, మామూలు డిటర్జెంట్, పారేయడానికి వీలైన పాత గుడ్డలు లేదా పేపర్ టవల్స్
- వెడల్పాటి గట్టి టేపు, మందపాటి ప్లాస్టిక్ షీటు
- రబ్బరు గ్లవ్స్, గట్టిగా మూతికట్టే చెత్త సంచులు
- అనుమానం ఉన్న వస్తువులు విడిగా దాచడానికి జిప్ కవర్లు
- పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్

ఆన్‌లైన్‌లో దొరికే “డిటాక్స్” పొడులు, చుక్కలు ఈ జాబితాలో లేవు. మరిచిపోయి వదిలేసింది కాదు.

1. ముందు అర్జెంటు సంగతి తేల్చుకోండి

పిల్లలు ఆగకుండా వాంతులు చేసుకుంటున్నా, మగతగా పడి ఉన్నా, తూలుతూ నడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఈ గైడ్ పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. సీసం అనుమానం ఉందని మీరే నోరు తెరిచి చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

లోహపు వస్తువు ఏదైనా మింగినట్టు అనుమానం ఉంటే, అంటే లాకెట్, చేపల వలకి కట్టే గుండు, తుపాకి గుండు లాంటివి, అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. కడుపులోని ఆమ్లంలో సీసం కరుగుతూనే ఉంటుంది. 2006లో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో నాలుగేళ్ల బాబు చిన్న లాకెట్ మింగాడు. వాంతులతో తీసుకెళ్తే మొదట వైరస్ వల్ల వచ్చిన కడుపు జబ్బు అనుకుని ఇంటికి పంపేశారు. తర్వాత రక్తంలో సీసం డెసిలీటరుకు 180 మైక్రోగ్రాములు ఉన్నట్టు తేలింది. బాబు బతకలేదు. ఆ లాకెట్లో 99 శాతం సీసమే.

హెచ్చరిక: ఇంట్లో బలవంతంగా వాంతి చేయించొద్దు. బొగ్గు మాత్రలు సీసాన్ని పట్టుకోవు, వాటిని నమ్ముకోవద్దు.

ఒక పెచ్చు నోట్లో పెట్టుకున్నాడు, హుషారుగానే ఆడుకుంటున్నాడు అంటే టెన్షన్ పడి రాత్రికి రాత్రి పరుగెత్తక్కర్లేదు. నోరు, చేతులు కడగండి. ఆ పెచ్చు మిగిలి ఉంటే కవర్లో వేసి దాచండి. మర్నాడు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

2. రక్తపరీక్ష చేయించండి

డాక్టర్‌ని “రక్తంలో సీసం పరీక్ష” అని పేరుపెట్టి అడగండి. మామూలు రక్తపరీక్షల ప్యాకేజీలో ఇది సాధారణంగా ఉండదు. హిమోగ్లోబిన్ బాగుందంటే సీసం లేదని అర్థం కాదు. పరగడుపున వెళ్లక్కర్లేదు.

రెండు పద్ధతులున్నాయి. వేలి కొస గుచ్చి చుక్క తీయడం ఒకటి, సిర నుంచి తీయడం రెండోది. వేలి పరీక్ష తేలిక, పిల్లలు తక్కువ ఏడుస్తారు. కానీ వేలి చర్మం మీద సీసపు దుమ్ము ఉంటే అది కూడా చుక్కలో కలిసి అంకె పెరుగుతుంది. అందుకని గుచ్చే ముందు సబ్బుతో రుద్ది కడగాలి. కడగకుండా స్పిరిట్ దూదితో తుడిచేస్తుంటే “సబ్బుతో కడిగించనివ్వండి” అని అడగడానికి మొహమాటపడొద్దు. వేలి పరీక్షలో ఎక్కువ వస్తే సిర రక్తంతో ఖాయం చేసుకోవాలి. తక్కువ వస్తే సాధారణంగా నమ్మవచ్చు.

పరీక్షకి ముఖ్యమైన వయసు ఒకటి నుంచి రెండేళ్లు. పాకి, నడిచి, అన్నీ నోట్లో పెట్టుకునే ఈ దశలోనే అంకె ఎక్కువగా పెరుగుతుంది. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలు ఇంకా ఉంటే వాళ్లందరికీ ఒకేసారి చేయించండి. గర్భిణి ఉంటే ఆమెకు కూడా. ఆమె ఎముకల్లో ఎప్పుడో చేరిన సీసం గర్భంతో ఉన్నప్పుడు బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది. అందరికీ చేయించడం దండగ ఖర్చనిపించవచ్చు కానీ ఆ అంకెలు 4వ అంచెలో మీకు దారి చూపిస్తాయి.

వెంట్రుకల పరీక్ష, మందు ఇచ్చి ఆ తర్వాత మూత్రం పట్టే పరీక్ష వద్దు. ఈ రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

మీ దగ్గర్లో పరీక్ష దొరకకపోతే? దొరికేదాకా ఆగొద్దు. సీసం ఉందనే అనుకుని 4వ అంచె నుంచి మొదలుపెట్టండి. శుభ్రం చేసినందువల్ల నష్టమేమీ లేదు.

3. రిపోర్టు సరిగ్గా చదవండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, రెండు విధాలుగా.

మొదటిది యూనిట్లు. ఈ వ్యాసంలో అంకెలన్నీ డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నాయి. కొన్ని ల్యాబులు లీటరుకు మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. లీటరుకు 50 అంటే డెసిలీటరుకు 5. ఇది చూసుకోకుండా 50 అనుకుని గుండెలు బాదుకున్నవాళ్లూ ఉంటారు, నిజంగా 50 ఉంటే 5 అనుకుని ఊరుకునేవాళ్లూ ఉంటారు. రెండోదే ప్రమాదం. లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తే 0.24 అంటే డెసిలీటరుకు దాదాపు 5 మైక్రోగ్రాములు.

రెండోది పక్కన అచ్చువేసి ఉండే “నార్మల్” పరిధి. అది పెద్దవాళ్లది కావచ్చు, పాతది కావచ్చు. అందులో 10 లోపు నార్మల్ అని ఉన్నా పిల్లలకి అది పట్టించుకోకండి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012 దాకా 10 దగ్గర గీత గీసింది, ఆ ఏడాది 5కి తగ్గించింది, 2021లో 3.5కి దించింది. పిల్లల రక్తం మారలేదు, మన అవగాహన మారింది.

అంకెని బట్టి ఏం చేయాలి:

- 3.5 కన్నా తక్కువ: కంగారు లేదు. ఇంట్లో అనుమానం ఉన్న మూలం ఉంటే దాన్ని తీసేయండి. పిల్లలు ఏడాది లోపు వాళ్లయితే నడక వచ్చాక మళ్లీ చేయించండి.
- 3.5 నుంచి 9 దాకా: వెతుకులాట మొదలు. 3 నెలల్లో మళ్లీ పరీక్ష. 5 గానీ అంతకు మించి గానీ ఉంటే మూలాన్ని కనిపెట్టి తీసేయాల్సిందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి.
- 10 నుంచి 19 దాకా: అదే పని, ఇంకా త్వరగా. 1 నుంచి 3 నెలల్లో మళ్లీ పరీక్ష. ఐరన్ లోపం ఉందేమో డాక్టర్ చూస్తారు.
- 20 నుంచి 44 దాకా: 2 వారాల నుంచి నెలలోపు మళ్లీ పరీక్ష. కడుపు ఎక్స్‌రే అవసరం కావచ్చు. వీలైతే మూలం దొరికేదాకా పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచండి.
- 45, ఆపైన: ఆస్పత్రి కేసు. వేలి పరీక్షలో వచ్చిన అంకె అయితే 48 గంటల్లో సిర రక్తంతో ఖాయం చేయాలి. చెలేషన్ అనే మందు చికిత్స మొదలుపెట్టే స్థాయి ఇదే.

చెలేషన్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. అది రక్తంలోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో పంపేస్తుంది, ప్రాణం కాపాడుతుంది. కానీ తక్కువ అంకెలకి వేసుకుంటే తెలివితేటలు పెరగవు. 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లలకు ఆ మందు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. రక్తంలో సీసం తగ్గింది కానీ చదువు, తెలివి పరీక్షల్లో తేడా రాలేదు. ఇక తప్పు మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. 2005లో అమెరికాలో అయిదేళ్ల బాబుకి ఒకటి ఇవ్వబోయి అలాంటి పేరే ఉన్న ఇంకోటి ఎక్కిస్తే, రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. కాబట్టి ఇది అనుభవం ఉన్న ఆస్పత్రిలోనే జరగాలి. పైగా చికిత్స అయ్యాక పిల్లల్ని అదే దుమ్ములోకి తీసుకొస్తే అంకె మళ్లీ పైకి పోతుంది.

4. మూలాన్ని వెతకండి

ముందు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలందరికీ ఎక్కువ వస్తే మూలం ఇంట్లో అందరికీ చేరేది: దుమ్ము, నీళ్లు, వంట. ఒక్కరికే వస్తే ఆ పిల్లవాడికే ప్రత్యేకమైనది చూడాలి: ఒక బొమ్మ, కాటుక, మట్టి తినే అలవాటు, ఆడుకునే చోటు. పెద్దవాళ్లకీ ఎక్కువ వస్తే వాళ్ల పని, వంటపాత్రలు, మసాలాలు, మందుల మీద అనుమానం పెట్టుకోండి. దీంతో సగం పని తేలిపోతుంది.

తర్వాత పిల్లల ఎత్తులోకి దిగండి. నేల మీద కూచుని, వాళ్లు ఎక్కడెక్కడ చెయ్యి వేస్తారో ఒక గంట చూసి రాసుకోండి. నిలబడి చూస్తే కనబడనివి అప్పుడు కనబడతాయి.

పెయింట్. పాత ఇల్లయితే మొదటి అనుమానం దీని మీదే. 1904లోనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టర్ వరండా కమ్మీల రంగే పిల్లలకు సీసం ఎక్కిస్తోందని రాశాడు. ఆ తర్వాత కూడా చాలా దేశాలు దశాబ్దాల పాటు అదే రంగు వేసుకుంటూ పోయాయి. ఇప్పుడు అంతర్జాతీయంగా సిఫారసు చేసే పరిమితి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల పెయింట్‌లో 90 పాళ్ల సీసం. కొత్త డబ్బా కొనేటప్పుడు ఆ మాట ఉందో లేదో చూడండి, ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ రంగు ఎనామిల్స్‌లో.

గోడల కన్నా ముందు కిటికీ చూడండి. రెక్క తెరిచి మూసిన ప్రతిసారీ చెక్కకి చెక్క రాసుకుని పెయింట్ పొడి అవుతుంది. ఆ పొడి చట్రం గాడిలో, కింది గట్టు మీద సన్నగా పేరుకుంటుంది. మామూలు దుమ్ములాగే ఉంటుంది. ఆ గట్టు సరిగ్గా నిలబడిన పిల్లవాడి గడ్డం ఎత్తులో ఉంటుంది. అక్కడే చేతులు ఆనించి బయటికి చూస్తాడు, ఒక్కోసారి కొరుకుతాడు. తలుపు అంచులు, మెట్ల కమ్మీలు, గడపలు కూడా ఇలాంటివే. పెచ్చులు లేకుండా నున్నగా ఉన్న గోడ కంటే రాసుకునే కిటికీ ఎక్కువ ప్రమాదం.

పెద్దవాళ్ల పని. బ్యాటరీలు, పాత ఇనుము, టంకం, వెల్డింగ్, పెయింటింగ్, పాత ఇళ్లు కూల్చడం, మట్టిపాత్రలకి గ్లేజు వేయడం, తుపాకుల రేంజి. ఈ పనులు చేసేవాళ్ల బట్టలు, జుట్టు, చెప్పులతో సీసం ఇంటికొస్తుంది. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని తియారోయ్‌లో 2007, 2008ల్లో పాత బ్యాటరీల నుంచి సీసం తీసిన చోట 18 మంది పిల్లలు చనిపోయారు. ఇంటి పెరట్లో బ్యాటరీ పగలగొట్టడం, సీసం కరిగించడం చిన్న పని అయినా చేయొద్దు.

మసాలాలు. పసుపుపచ్చ రంగు నిగనిగలాడటానికి కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న రంగుపొడి కలుపుతారు. 2023లో అమెరికాలో పిల్లలకిచ్చే యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది. అది వచ్చింది అందులో వేసిన దాల్చినచెక్క పొడి నుంచి. అనుమానం ఉంటే విడిగా అమ్మే పొడులు మానేసి, కొన్న ప్యాకెట్ కవరు దాచిపెట్టండి. నీళ్లలో వేసి చూసే ఇంటి చిట్కాలతో సీసం తేలదు, ల్యాబే తేల్చాలి.

సుర్మా, కాటుక, సంప్రదాయ మందులు. కొన్ని రకాల సుర్మా నిజానికి సీసపు ఖనిజాన్ని నూరిన పొడే. కంటికి పెట్టింది రుద్దుకున్న చేత్తో నోటికి చేరుతుంది. లోహాలు కలిపి చేసే భస్మాలు, పొడులు వాడుతుంటే డాక్టర్‌కి చూపించండి. “అది మందు కాదుగా, ఊరికే ఇస్తాం” అనుకుని చాలామంది చెప్పరు. చెప్పండి, తిట్టినా సరే.

పాత్రలు. స్క్రాప్ కరిగించి పోతపోసిన అల్యూమినియం గిన్నెలు, సీసం కలిసిన కళాయి పూసినవి, రంగురంగుల గ్లేజు ఉన్న మట్టి, పింగాణీ పాత్రలు. వీటిలో పులుపు వండితే, నిలవ ఉంచితే సీసం దిగుతుంది. తేలని పాత్రల బదులు స్టీలు వాడేయండి. ఒక్కో పాత్రకి పరీక్ష ఖర్చు పెట్టడం కన్నా ఇదే నయం.

బొమ్మలు, నగలు. రంగు లేచిపోతున్న పాత బొమ్మలు, చవక లోహపు నగలు. పరిమాణానికి మించి బరువుగా ఉండి, కాగితం మీద గీస్తే బూడిదరంగు చార పడితే వెంటనే తీసేయండి. చార పడలేదని మంచిదనుకోవద్దు.

మట్టి. పాత ఇంటి గోడ పక్కన పెయింట్ రాలిన మట్టి, రద్దీ రోడ్డు పక్కన మట్టి. పెట్రోల్లో సీసం కలపడం ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది కానీ నేలలో పడింది నేలలోనే ఉంది.

ఇంట్లో వాడే రంగుమారే కిట్లతో జాగ్రత్త. పై పొరే చూస్తాయి, కింద ఉన్న పాత పొర తెలియదు. లేదు అని చూపించినా లేనట్టు కాదు. వస్తువు చెడగొట్టకుండా చూడాలంటే ఎక్స్‌రేలతో సీసాన్ని కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉన్నవాళ్లతో కొలిపించండి. అది లేకపోతే, కింది పొరలదాకా వచ్చేలా తీసిన పెచ్చుని కవర్లో పెట్టి ల్యాబుకి పంపండి.

5. దుమ్ము తీయండి, తడిగానే తీయండి

ఒక్క నియమం: పొడి చీపురు వద్దు, దులపడం వద్దు. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్నటి దుమ్ము వెనకనుంచి మళ్లీ గదిలోకే కొడుతుంది. సన్నటి దుమ్మునీ పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్నదైతే వాడొచ్చు.

1. పిల్లల్ని, గర్భిణుల్ని బయటికి పంపండి. ఫ్యాన్ ఆపండి.
2. గ్లవ్స్ వేసుకుని, రాలిన పెచ్చులు తడి కాగితంతో ఏరి సంచిలో వేసి మూతి కట్టండి.
3. ఒక బకెట్లో డిటర్జెంట్ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు పెట్టుకోండి. గుడ్డ మొదటిదాంట్లో ముంచి తుడవండి, రెండోదాంట్లో జాడించండి. జాడించకుండా మళ్లీ సబ్బునీళ్లలో ముంచితే దుమ్ము అటూ ఇటూ పూసినట్టే.
4. పైనుంచి కిందికి, మూల నుంచి గుమ్మం వైపుకి రండి. కిటికీ గాడిలో గుడ్డని ఒకే దిశలో లాగండి, మడత మార్చి శుభ్రమైన వైపుతో మళ్లీ లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దొద్దు.
5. గది మారితే నీళ్లు మార్చండి. మురికినీళ్లు టాయిలెట్‌లో పోయండి, పెరట్లో కాదు.
6. బొమ్మలు, పాలపీకలు, దుప్పట్లు కడిగేయండి.

ఇది వారానికోసారి చేయాలి. ఒక్కసారి చేసి వదిలేస్తే పెచ్చులు ఊడే గోడ మళ్లీ దుమ్ము పోస్తూనే ఉంటుంది. పెచ్చుల మీద తాత్కాలికంగా టేపు గానీ అంటించే ప్లాస్టిక్ షీటు గానీ వేసి మూసేయండి. మంచం, ఉయ్యాల కిటికీ నుంచి దూరంగా జరపండి.

చేతులు తినే ముందు, పడుకునే ముందు సబ్బుతో కడిగించండి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో గానీ సీసాన్ని తీయదు. చెప్పులు గుమ్మం బయటే. సీసంతో పనిచేసేవాళ్లు పనిచోటే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. కుదరకపోతే పిల్లల్ని ఎత్తుకోకముందే స్నానం, బట్టలు విడిగా ఉతకడం.

6. పెయింట్ తీయించాలంటే

అసలు తీయించక్కర్లేకపోవచ్చు. గట్టిగా ఉన్న పాత పెయింట్ మీద మంచి కోటింగ్ వేసి మూసేయడం చాలాచోట్ల మేలు. ఊడుతున్న పెచ్చు మీద మాత్రం కొత్త రంగు నిలవదు, రెండూ కలిసే రాలతాయి.

తీయించేటప్పుడు ఎండు గోడని సాండ్‌పేపర్‌తో గీకడం, బ్లోటార్చితో కాల్చడం చేయనివ్వొద్దు. పాత పెయింట్‌తో బతుకుతున్న ఇంటి కన్నా, దాన్ని పొడిపొడిగా గీకిన ఇల్లు కొన్నాళ్లపాటు ఎక్కువ ప్రమాదం. ఇల్లు బాగుచేయించిన నెలలోనే పిల్లల అంకె ఎగబాకడానికి కారణం ఇదే. నీళ్లు చల్లి తడిపి గీకాలి, నేలంతా ప్లాస్టిక్ పరచాలి, గుమ్మానికి కూడా షీటు వేలాడదీయాలి. పని మొదలైనప్పటినుంచి చివరి తడిగుడ్డ దాకా పిల్లలు వేరేచోట ఉండాలి, రాత్రి పడుకోవడానికి కూడా రావొద్దు.

7. నీళ్లు

సీసపు పైపులు, సీసం కలిసిన టంకం, ఇత్తడి కుళాయిలు ఉంటే రాత్రంతా నిలిచిన నీళ్లలో సీసం దిగుతుంది. ఉదయం స్నానాలు, బట్టలు అయ్యాక తాగే నీళ్లు పట్టుకోండి. తాగడానికీ వంటకీ చన్నీళ్ల కుళాయే. కాచితే సీసం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చాలామంది ఇది నమ్మరు, కాచిన నీళ్లు కాబట్టి మంచివే అంటారు. డబ్బాపాలు కలిపే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బిడ్డ తాగేదంతా ఆ నీళ్లే.

పరీక్షకి నమూనా: కనీసం 6 గంటలు కుళాయి వాడకుండా ఉంచి, వదిలిన మొదటి లీటరు పట్టండి. ముందు కాసేపు వదిలేసి పడితే అంకె తక్కువ వస్తుంది, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఫిల్టర్ కొంటే ఆర్‌ఓ గానీ, సీసం తీస్తుందని ధ్రువీకరణ ఉన్నది గానీ కొనండి. ఉత్త రుచి, వాసన తీసే ఫిల్టర్లు సరిపోవు.

8. తిండి

ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు, ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు సీసం ఎక్కువగా పడుతుంది. వేళకి తిండి పెట్టండి. పాలు, పెరుగు, ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, మాంసం, పుల్లటి పళ్లు. ఐరన్ మందు డాక్టర్ చెబితేనే, చెప్పిన మోతాదులోనే, అందనిచోట పెట్టి. ఎక్కువైన ఐరన్ పసిపిల్లలకి విషం. తల్లిపాలు మామూలుగా మానక్కర్లేదు. తల్లి రక్తంలో 40, అంతకు మించి ఉంటేనే ఆ చర్చ.

9. తగ్గిందో లేదో చూసుకోండి

ఇల్లు మెరుస్తోంది కాబట్టి సీసం పోయింది అనుకోవద్దు. కొలిచి చూడాలి. రక్తంలో ఉన్న సీసం సగం అవడానికి దాదాపు నెల పడుతుంది, కానీ ఎముకల్లోంచి కొంచెం కొంచెం వస్తూ ఉంటుంది కాబట్టి అంకె నెమ్మదిగా దిగుతుంది. చాలాకాలం సీసం పడిన పిల్లలకి ఇంకా ఆలస్యం. అదే ల్యాబు, అదే పద్ధతిలో చేయించండి. ఒకసారి వేలితో, ఒకసారి సిరతో చేయించి పోల్చొద్దు. 6 ఉన్నది 5 అయితే పండగ చేసుకోకండి, 5 ఉన్నది 6 అయితే ఏడవకండి. అంత తేడా పరీక్షలోనే ఉంటుంది. మూడు పరీక్షల వరస ఎటు పోతోందో చూడండి.

తగ్గకపోతే ముఖ్యంగా అనుమానించాల్సింది ఒకటే: రెండో మూలం ఉంది. పెయింట్ దొరకగానే వెతుకులాట ఆపేస్తారు, వంటింట్లో పసుపు పొడి అలాగే ఉండిపోతుంది. నోటుబుక్కు తెరిచి 4వ అంచె మళ్లీ మొదటినుంచి చదవండి. పిల్లలు పగలు ఉండే ఇతర చోట్లు, అమ్మమ్మగారిల్లు, క్రెష్, ఆటస్థలం, అప్పుడు రాయకపోయి ఉంటే ఇప్పుడు రాయండి.

అంకె దిగాక కూడా రిపోర్టులు పారేయొద్దు, ఫైల్లో పెట్టండి. సీసం చేసిన నష్టం మాటలు రావడంలో, లెక్కలు చేయడంలో, క్లాసులో కుదురుగా కూర్చోవడంలో బడికి వెళ్లాక బయటపడవచ్చు. అప్పుడు టీచర్ ఏదైనా తేడా చెబితే ఆ ఫైలు డాక్టర్‌కి చూపించి, ఎదుగుదల పరీక్ష, వినికిడి పరీక్ష అడగండి. ఎంత చిన్న వయసులో మాటల శిక్షణ, చదువులో అదనపు సాయం మొదలైతే అంత లాభం.